రోమ్‌లో దిగి మిలాన్‌లో ఎక్కాం: పది రాత్రుల ఇటలీ లెక్క

రోమ్ నుంచి సిసిలీ దీవిలోని కటానియాకు విమానం ఎక్కే గేటు దగ్గర సంచుల కొలత చూసే ఇనుప చట్రం ఒకటి పెట్టి ఉంది. మా అత్తయ్య చేతిసంచి అందులో దిగలేదు. సంచి సరిగ్గానే పట్టింది కానీ అడుగున ఉన్న చక్రాలు రెండు వేళ్ల మందం బయటికి నిలిచాయి. లోపల ఉన్నవి రెండు చీరలు, మందుల డబ్బా, కందిపొడి పొట్లం. వాటికి 60 యూరోలు కట్టించుకున్నారు. ఆవిడ టికెట్ ధరే 38 యూరోలు. "ఇక్కడే వదిలేసి పోదామా అమ్మాయ్?" అని అత్తయ్య నా చెయ్యి పట్టుకుని అడిగారు. అరవై ఎనిమిదేళ్ల వయసులో మొదటిసారి దేశం దాటిన మనిషి. తన వల్ల ఖర్చు పెరిగిందని ఆ పూటంతా కుంగిపోయారు. ఇలాంటి చౌక ప్రయాణాల్లో డబ్బు ఎక్కడ జారిపోతుందో ముందే తెలిస్తే ఇంకెవరికీ ఆ బాధ ఉండదని ఇది రాస్తున్నాను.

2024 అక్టోబరు చివర్లో నేను, మావారు, అత్తయ్య వెళ్లాం. హైదరాబాద్ నుంచి గల్ఫ్ మీదుగా రోమ్‌లో దిగి, తిరుగు ప్రయాణం మిలాన్ నుంచి పెట్టుకున్నాం. రానూపోనూ ఒకే ఊరికి తీసుకున్నా మాకు దాదాపు అదే ధర పడేది. ఇలా వేరు వేరు ఊళ్లు పెట్టుకుంటే చివరి రోజు వెనక్కి పరుగెత్తే పని ఉండదు. మనిషికి 54,000 రూపాయలు అయింది. ఇటలీతో పాటు చాలా ఐరోపా దేశాలకు చెల్లే షెంగెన్ వీసా రుసుము అదే ఏడాది జూన్‌లో 80 నుంచి 90 యూరోలకు పెరిగింది. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. సర్వీసు ఛార్జీలన్నీ కలిపి మనిషికి మరో 13,000 అయ్యాయి. వీసా రాకపోయినా ఆ రుసుము తిరిగి రాదు కాబట్టి, బస బుకింగులన్నీ రద్దు చేసుకోగలిగేవే తీసుకోండి.

ఇప్పుడు ఆ 38 యూరోల టికెట్ సంగతి. రోమ్‌లో మేము త్రాస్తెవెరె పేటలో ఉన్నాం. అక్కడి స్టేషన్ నుంచి ఫ్యుమిచీనో విమానాశ్రయానికి లోకల్ రైలు మనిషికి 8 యూరోలు. కటానియాలో దిగాక ఊళ్లోకి బస్సు 4 యూరోలు. ముగ్గురి టికెట్లు 114, రైలు 24, బస్సు 12, చక్రాల జరిమానా 60, మొత్తం 210 యూరోలు. అంటే తలకు 70. విమానం గాలిలో ఉన్నది గంటా పావు. కానీ మేము గది తాళం వేసింది ఉదయం ఏడింటికి, కటానియాలో గది తాళం తీసింది మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు. టికెట్ మీద కనిపించే అంకె ఒకటి, గడప నుంచి గడప దాకా అయ్యేది మరొకటి.

రోమ్ నుంచి సిసిలీకి రాత్రి రైలు ఉందని మాకు ముందే తెలుసు. దక్షిణ కొసన మెస్సీనా జలసంధి దగ్గర ఆ రైలు పెట్టెల్ని విడదీసి, పట్టాలున్న పడవలోకి ఎక్కించి, సముద్రం దాటిస్తారు. ముసలావిడకు రాత్రంతా రైలు కష్టమని విమానం ఎంచుకున్నాం. అది పొరపాటు నిర్ణయమని ఇప్పుడు అనిపిస్తోంది. పడుకుని వెళ్లవచ్చు, సంచుల కొలతలు ఎవరూ చూడరు, ఒక రాత్రి గది అద్దె మిగులుతుంది. రైలెక్కడం అలవాటైన మన పెద్దవాళ్లకు గేటు దగ్గరి హడావుడి కంటే బెర్తే సుఖం.

ఇటలీ ప్రధాన భూభాగంలో అయితే విమానం ఆలోచనే వద్దు. రోమ్ నుంచి మిలాన్‌కు వేగపు రైలులో మూడు గంటలు, నేపుల్స్‌కు గంటా పది నిమిషాలు. ప్రభుత్వ రైళ్లకు పోటీగా 2012 నుంచి ఇతాలో అనే ప్రైవేటు రైళ్లు కూడా నడుస్తున్నాయి కాబట్టి ముందుగా కొంటే రెండింటిలో ఏదో ఒకదానిలో తక్కువ ధర దొరుకుతుంది. ఊళ్ల మధ్య తిరిగే ప్రాంతీయ రైళ్లకు ధర మారదు, ముందు కొనే పని లేదు. కాగితం టికెట్ అయితే ప్లాట్‌ఫారం దగ్గరి యంత్రంలో ముద్ర వేయించుకుని ఎక్కాలి. లేదంటే చేతిలో టికెట్ ఉన్నా జరిమానా తప్పదు. విమానం లాభించేది సముద్రం అడ్డున్న చోటే, అంటే సిసిలీకి, సార్డీనియాకు.

చౌక విమాన సంస్థల్లో సీటు కింద పట్టే సంచి ఒక్కటే ఉచితం. మేము వెళ్లినప్పుడు సంస్థను బట్టి 40×20×25 సెంటీమీటర్లో, 40×30×20 సెంటీమీటర్లో ఉండేది, చక్రాలు, పిడి కూడా ఆ కొలతలోకే వస్తాయి. చెక్-ఇన్ ఫోనులో ముందే చేసుకోవాలి. విమానాశ్రయంలో చేయించుకుంటే టికెట్ కంటే ఎక్కువ అడిగే సంస్థలున్నాయి.

రోమ్‌లో బస గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అక్కడ మా ఎంపిక మంచిదైంది. కేథలిక్ సన్యాసినులు నడిపే అతిథి గృహాలు ఆ నగరంలో చాలా ఉన్నాయి. మేము అలాంటి ఒకదానిలో దిగాం. ముగ్గురికి రోజుకు 120 యూరోలు, ఉదయం రొట్టె, కాఫీ దానిలోనే. గోడలకు సున్నం, ఇనుప మంచాలు, మడత చెదరని తెల్ల దుప్పట్లు. గదిలో టీవీ లేదు. రాత్రి పదకొండుకు తలుపు మూసేస్తారు. అత్తయ్యకు అది హాస్టల్‌లా కాక బంధువుల ఇల్లులా అనిపించింది. రోజూ పొద్దున్న వృద్ధ సన్యాసిని ఒకామె వేడి పాలు ప్రత్యేకంగా తెచ్చి అత్తయ్య ముందు పెట్టేది. ఇద్దరికీ ఒక్క భాష కూడా కలవదు, అయినా పది నిమిషాలు మాట్లాడుకునేవారు. రాత్రి షికార్లు కావాలనుకునేవారికి ఇది పనికిరాదు, పెద్దవాళ్లతో వెళ్లేవారికి మాత్రం దీన్ని మించింది నేను చూడలేదు. ఎక్కడ దిగినా నగర పన్ను గది అద్దెకు అదనం. దాన్ని చాలా చోట్ల నగదుగానే తీసుకుంటారు.

కేథలిక్కుల పవిత్ర సంవత్సరం, 2025 జూబిలీ, దగ్గరపడటంతో అప్పుడు రోమ్ నిండా మరమ్మతులే. కొలోసియం టికెట్లు అధికారిక సైటులో సుమారు నెల ముందు విడుదలవుతాయి, టికెట్ మీద పేరు ఉంటుంది కాబట్టి పాస్‌పోర్టు వెంట పెట్టుకోవాలి. పాతకాలపు రోమన్ గుడి పాంథియన్‌కు 2023 జూలై నుంచి 5 యూరోల టికెట్ పెట్టారు, ఆ గోపురం కింద నిలబడ్డాక అది ఎక్కువ అనిపించదు. సెయింట్ పీటర్స్ చర్చికి టికెట్ లేదు, పొద్దున ఏడింటికే వెళితే వరస ఉండదు. నీళ్ల సీసాలు కొనకండి. వీధి వీధికీ ఇనుప కుళాయిలున్నాయి, చల్లటి మంచినీళ్లు రాత్రీ పగలూ పారుతూనే ఉంటాయి. కాఫీ నిలబడి తాగితే ఒక ధర, కూర్చుంటే ఇంకో ధర. భోజన హోటల్ బిల్లులో మనిషికి ఇంతని వేసే చిన్న మొత్తం, కోపెర్తో, మోసం కాదు, ఇటలీలో చాలా చోట్ల రివాజు.

కటానియా నాకు రోమ్ కంటే నచ్చింది. 1693 భూకంపంలో నేలమట్టమైన ఊరిని పక్కనున్న ఎట్నా అగ్నిపర్వతపు లావా రాతితోనే మళ్లీ కట్టుకున్నారు. నల్లటి గోడలు, నల్లటి రోడ్లు, చర్చి ముందు చౌరస్తాలో వీపు మీద స్తంభం మోస్తున్న నల్లరాతి ఏనుగు. అత్తయ్య దాని చుట్టూ తిరిగి చూసి, "మన గుళ్లో రాయిలాగే ఉందే" అన్నారు. విమానం గేటు దగ్గర చెదిరిన ఆవిడ మనసు అక్కడ కుదుటపడింది. ఎట్నాకు ఊరి రైల్వే స్టేషన్ ముందు నుంచి రోజుకు ఒక్కటే ప్రభుత్వ బస్సు. ఉదయం వెళ్లి సాయంత్రం తిరిగొస్తుంది. టూర్ల వాళ్లు అడిగే దానిలో పదో వంతు కూడా కాదు. బస్సు ఆగే చోటే సుమారు 1,900 మీటర్ల ఎత్తు, అక్టోబరులోనే చలి కోస్తుంది. ఒక జాగ్రత్త చెప్పాలి. ఎట్నా బూడిద ఎగిస్తే కటానియా విమానాశ్రయం మూసేస్తారు. ఆ వేసవిలో కూడా అలా జరిగింది. అందుకే సిసిలీ నుంచి వచ్చిన రోజే ఇండియా విమానం పెట్టుకోవద్దు.

తిండి దగ్గర భయపడ్డాం కానీ సిసిలీ వంకాయల దేశం. పాస్తా అల్లా నోర్మా అనేది కటానియా వంటకం: నూనెలో వేయించిన వంకాయ ముక్కలు, టమాటా, తులసి జాతి ఆకు, పైన ఉప్పు జున్ను తురుము. జున్ను తీసేయించి కందిపొడి చల్లుకుని అత్తయ్య మూడు రోజులు అదే తిన్నారు. నిష్ఠగా శాకాహారం పాటించేవారు గమనించాల్సింది ఒకటుంది: పార్మిజానో వంటి జున్నులను దూడ పొట్ట నుంచి తీసే రెన్నెట్‌తో విరుస్తారు. వేయించిన అన్నం ఉండలు, అరాంచీని, కొనేముందు "సెన్సా కార్నె", అంటే మాంసం లేకుండా, అని అడగండి.

కటానియా నుంచి సిసిలీలోనే ఉన్న పలెర్మోకు బస్సులో మూడు గంటల లోపే. ఒక్క రాత్రే ఉన్నాం, బల్లారో సంతలో తిరిగి, చక్రాలు లేని గుడ్డసంచి ఒకటి 9 యూరోలకు కొన్నాం. అక్కడి నుంచి మిలాన్ దగ్గరి బెర్గామోకు వెళ్లే విమానం గేటు దగ్గర అత్తయ్య అందరికంటే ముందు నడిచి ఆ సంచిని చట్రంలో తానే పెట్టారు. దిగింది. చట్రం దగ్గరున్న అమ్మాయి బొటనవేలు పైకెత్తి చూపించింది.

చాలామంది బెర్గామోలో దిగి నేరుగా మిలాన్ బస్సు ఎక్కేస్తారు. మేము అక్కడే మూడు రాత్రులు ఉన్నాం, అదే మేలైంది. గది మిలాన్‌లో చూసిన వాటికంటే మూడో వంతు తక్కువ. కొండ మీద పాత ఊరు, దాని చుట్టూ వెనీస్ పాలకులు కట్టించిన కోటగోడలు, అక్కడికి ఎక్కించే చిన్న తాళ్ల రైలు ఉన్నాయి. మిలాన్ గంట లోపు రైలు దూరం. ఒక రోజు పోయి అక్కడి పెద్ద చర్చి దువోమో చూసి వచ్చేశాం.

ఇంటి నుంచి ఇంటి దాకా మనిషికి లక్షా నలభై వేలు కొంచెం దాటింది. వచ్చే నెలలో మా పిన్ని, బాబాయి వెళ్తున్నారు. రోమ్ నుంచి కటానియాకు వాళ్లకు రాత్రి రైలులో కింది బెర్తులు రెండు నేనే కొని పెట్టాను. అత్తయ్య తన గుడ్డసంచి ఉతికి, ఇస్త్రీ చేయించి, పిన్నికి ఇవ్వమని బల్ల మీద పెట్టారు.