రెన్‌ఫ్రోనా, జడ్జా? 2013 డ్రాఫ్ట్‌లో ఎవరిని తీసుకోవడం మేలు?

2013 జూన్‌లో జరిగిన మేజర్ లీగ్ బేస్‌బాల్ డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమంలో, భారీ షాట్లు కొట్టే కాలేజీ అవుట్‌ఫీల్డర్ కోసం వెతుకుతున్న జట్టుకు రెండు పేర్లు కొట్టొచ్చినట్టు కనిపించేవి. ఒకరు మిసిసిపి స్టేట్‌కు ఆడిన హంటర్ రెన్‌ఫ్రో, మరొకరు ఫ్రెస్నో స్టేట్‌కు ఆడిన ఆరన్ జడ్జ్. రెన్‌ఫ్రోను శాన్ డియాగో పాడ్రెస్ 13వ ఎంపికగా తీసుకుంది. ఆటగాడు నిక్ స్విషర్ తమను వీడినందుకు పరిహారంగా దక్కిన 32వ ఎంపికను న్యూయార్క్ యాంకీస్ జట్టు జడ్జ్ మీద ఖర్చు చేసింది. తర్వాతి కథ తెలిసిన మనకు జవాబు చెప్పడం సులువే గానీ, ఆనాడు చేతిలో ఉన్న ఆధారాలతో తూచితేనే ఈ పోలికకు అర్థం ఉంటుంది.

అంకెలు పైపైన చూస్తే రెన్‌ఫ్రో వైపే మొగ్గుతాయి. ఆ సీజన్‌లో అతడు .345 సగటుతో (అంటే వెయ్యి అవకాశాలకు 345 హిట్లు) 16 హోమ్ రన్‌లు (మైదానం కంచె దాటే షాట్లు) కొట్టాడు, అదీ గట్టి పిచర్లకు, అంటే బంతి వేసేవాళ్లకు, పేరుపడిన సౌత్ ఈస్టర్న్ కాన్ఫరెన్స్ అనే కాలేజీ లీగ్‌లో. జడ్జ్ సగటు .369 అయినా హోమ్ రన్‌లు 12 మాత్రమే, ఆడింది అంతకన్నా తేలికైన మౌంటెన్ వెస్ట్‌లో. అయితే ఆ నాలుగు హోమ్ రన్‌ల తేడాను నేను పెద్దగా లెక్కచేయను. 2011 నుంచి అమల్లోకి వచ్చిన బీబీకోర్ ప్రమాణం కాలేజీల లోహపు బ్యాట్ల ఊపును చెక్క బ్యాట్ల దగ్గరకు దించేసింది. గాలిలో ఇంకాస్త దూరం పోయే, కుట్లు తక్కువ ఎత్తులో ఉండే బంతి 2015లో గానీ రాలేదు. 2024లో జార్జియా ఆటగాడు చార్లీ కాండన్ ఒకే సీజన్‌లో 37 కొట్టిన కాలంతో 2013ను పోల్చకూడదు.

ఇక శరీరం సంగతి. రెన్‌ఫ్రో 6 అడుగుల 1 అంగుళం మనిషి, భుజబలం అసాధారణం, ఆ విసురు రైట్ ఫీల్డ్‌కే పుట్టినట్టుండేది. 2021లో బోస్టన్ తరఫున 16 మంది రన్నర్లను ఔట్ చేయడంలో ఆ చేతికి భాగముంది. జడ్జ్ 6 అడుగుల 7 అంగుళాలు, అయినా కాలేజీలో ఎక్కువ పరుగెత్తాల్సిన సెంటర్ ఫీల్డ్ ఆడాడు. ప్రతిభను వెతికే స్కౌట్లు 20 నుంచి 80 వరకు మార్కులు వేసే పట్టికలో రా పవర్, అంటే బ్యాటింగ్ ప్రాక్టీస్‌లో కనిపించే దూరం, ఇద్దరికీ సగటు మార్కు 50ని ఎంతో దాటుతుంది. భయమంతా జడ్జ్ ఎత్తు గురించే. పొడుగు చేతులవాడి బ్యాట్ బంతిని చేరడానికి ఎక్కువ దూరం ప్రయాణించాలి, మోకాళ్ల నుంచి ఛాతీ దాకా ఉండే స్ట్రైక్ జోన్, అంటే బంతిని వదిలేసినా బ్యాటర్‌కు స్ట్రైక్ పడే ప్రాంతం, కూడా అతడికి పెద్దదవుతుంది. అంత ఎత్తులో నిలదొక్కుకున్న బ్యాటర్ ఎవరని అడిగితే 382 హోమ్ రన్‌లు కొట్టిన ఫ్రాంక్ హోవర్డ్ తప్ప వెంటనే మరో పేరు తట్టేది కాదు. 32వ స్థానం దాకా జారిపోవడంలో వింతేమీ లేదు.

ఇక్కడే చూడవలసిన చోటు మారుతుంది. మూడు పడితే ఔటయ్యే స్ట్రైక్‌లు రెండు పడ్డాక పిచర్ స్లైడర్ వేస్తాడు. అది జోన్‌లోకి వస్తున్నట్టే వచ్చి చివరి క్షణంలో కిందికి, బయటికి తప్పుకుంటుంది. ఆఫ్ స్టంప్ బయటి బంతిని వదిలేయగల క్రికెట్ బ్యాటర్ విలువ తెలిసినవాళ్లకు ఈ ఘట్టం కొత్త కాదు. ముందు పాదం నేలను తాకిన తర్వాత కూడా చేతులు వెనకే ఆగాయా, లేక తుంటి తెరుచుకుని బ్యాట్ అప్పటికే బయల్దేరిపోయిందా అన్నది కంటితో చూసి తేల్చాలి. జోన్ బయటి బంతులు నాలుగు వదిలేస్తే ఉచితంగా మొదటి బేస్ దక్కుతుంది, దాన్నే వాక్ అంటారు. కాలేజీ వాక్‌ల సంఖ్య ఇక్కడ మోసం చేస్తుంది, ఎందుకంటే పెద్ద హిట్టర్‌కు భయపడి పిచర్లు జోన్‌కు దూరంగా వేసిన బంతులూ అందులో కలిసిపోతాయి.

ప్రొఫెషనల్ ఆటలో ఇద్దరినీ విడదీసింది ఆ వదిలేసే గుణమే. 2016 ఆగస్టు 13న మేజర్ లీగ్ తొలి బ్యాటింగ్‌లోనే హోమ్ రన్ కొట్టిన జడ్జ్, ఆ సీజన్‌లో ఆడిన 84 ఎట్-బ్యాట్‌లలో (వాక్‌లు లెక్కలోకి రాని బ్యాటింగ్ వంతులు) 42 సార్లు స్ట్రైకౌట్, అంటే మూడు స్ట్రైక్‌లతో ఔట్, అయ్యాడు. శంకించినవాళ్ల మాటే నిజమైనట్టు కనిపించింది. మరుసటి ఏడాది 208 స్ట్రైకౌట్‌లు అయినా, 127 వాక్‌లు తీసుకుని 52 హోమ్ రన్‌లు కొట్టాడు. అదే 2017లో రెన్‌ఫ్రో 26 హోమ్ రన్‌లు కొట్టాడు. చిత్రమేమిటంటే ఆ ఏడు జడ్జ్ బ్యాటింగ్ సగటు .284, రెన్‌ఫ్రో వాక్‌లతో కలిపి బేస్ చేరిన నిష్పత్తీ .284.

దీన్నిబట్టి రెన్‌ఫ్రోను పొరపాటు ఎంపిక అనడం అన్యాయం. 13వ ఎంపికకు 190 పైచిలుకు హోమ్ రన్‌లు దక్కడం మంచి బేరమే. యాంకీస్ అదే రోజు జడ్జ్ కన్నా ముందు, 26వ ఎంపికగా తీసుకున్న ఎరిక్ జాగియెలో మేజర్ లీగ్‌కే చేరలేదు. ఆ స్థాయిలో రెన్‌ఫ్రో లాంటి ఆటగాడు దొరకడమే అరుదు. మొదటి పది ఎంపికల్లో నష్టభయం భరించలేని జట్టు నన్నడిగితే రెన్‌ఫ్రోనే సూచించేవాడిని. అంతకన్నా కిందనున్న జట్టుకైతే జడ్జ్‌ను చెబుతాను, కానీ ఒక షరతు మీద: ఫ్రెస్నోలో ప్రాక్టీస్ షాట్ల దూరం కొలవడం మానేసి, మూడు మ్యాచ్‌లలో అతడు వదిలేసిన స్లైడర్లను మాత్రమే లెక్కపెట్టి రమ్మంటాను.