మొదటి సిమ్యులేషన్ గేమ్‌కి గోడో 4: వాడి చూశాక నా మాట

ఒక చిన్న ఊరు, అందులో జనం, వాళ్లు తినే ధాన్యం, కట్టే పన్ను. నా గేమ్ అంతే. దానికి గోడో 4 అనే గేమ్ ఇంజిన్ (గేమ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్) హాయిగా సరిపోయింది. పైసా కట్టక్కర్లేదు. ఎంఐటీ లైసెన్స్ కాబట్టి రేపు గేమ్ అమ్ముకున్నా గోడోకి వాటా ఇవ్వక్కర్లేదు.

గోడోలో కోడ్ రాసే భాష జీడీస్క్రిప్ట్ చూడ్డానికి పైథాన్‌లా ఉంటుంది. లూప్, ఫంక్షన్, అరే, డిక్షనరీ వస్తే పని మొదలుపెట్టొచ్చు. ఒక్క చోట జాగ్రత్త: రెండు పూర్ణసంఖ్యల్ని భాగిస్తే భిన్నం ఎగిరిపోతుంది. 5 / 2 అంటే 2. ఎడిటర్ హెచ్చరిస్తుంది కానీ మనం చూస్తేగా! పన్ను లెక్కలో ఆ అరలన్నీ రాలిపోతుంటే ఖజానా ఎందుకు నిండట్లేదో తెలీక జుట్టు పీక్కోవాలి. 5 / 2.0 అని రాస్తే సరి.

కాలం సంగతి ముందే తేల్చుకోవాలి. పంట పెరుగుదలని ఫ్రేముకింత (తెర మీద బొమ్మ మారిన ప్రతిసారీ ఇంత) అని రాస్తే వేగంగా నడిచే కంప్యూటర్లో పంట ముందే కోతకొస్తుంది. టైమర్ నోడ్ (గోడోలో గేమ్‌ని కట్టే ఒక్కో ముక్కని నోడ్ అంటారు) పెట్టి, అది మోగినప్పుడల్లా ఒక రోజు గడిచినట్టు లెక్క వెయ్యండి. గేమ్ వేగం పెంచాలంటే ఆ టైమర్ వ్యవధి తగ్గిస్తే చాలు.

ప్రతి మనిషికీ ఒక నోడ్ పెట్టాలనిపిస్తుంది. వద్దు. జనం వివరాలు మామూలు అరేలో ఉంచి, తెర మీద కనిపించేవాళ్లకే నోడ్లు ఇవ్వండి. గేమ్ సేవ్ చెయ్యడం కూడా తేలికవుతుంది.

నాకు బాగా నచ్చింది, తప్పులు వెతికి పట్టుకునే డీబగ్గర్‌లోని మానిటర్స్ ట్యాబ్. మన సొంత అంకెల్ని కూడా అందులో చేర్చుకోవచ్చు. ధాన్యం నిల్వని చేరిస్తే, గేమ్ నడుస్తుండగానే గ్రాఫ్ గీస్తుంది. జనం పెరిగాక గీత ఎక్కడ కిందికి వంగిందో చూస్తే కరువు ఎప్పుడు మొదలైందో ఇట్టే తెలుస్తుంది. ఎవరూ పెద్దగా చెప్పరు గానీ, సిమ్యులేషన్ చేసేవాళ్లకి ఇది బంగారం.

అయితే ఏ ఇంజిన్‌కైనా ముందు స్ప్రెడ్‌షీట్ తెరవండి. ఒక్కో అడ్డువరుస ఒక్కో రోజు అనుకుని, పంట, తిండి, పుట్టుకలు నింపండి. వందో వరుసకి ఊరు ఖాళీ అయిపోతే తప్పు కోడ్‌లో లేదు, రూల్స్‌లో ఉంది. బొమ్మలు గీయడం తర్వాత సంగతి. రంగు గళ్లతోనే చాలా దూరం వెళ్లొచ్చు.

ఇబ్బందల్లా పాత పాఠాలతోనే. గోడో 3 కోసం చేసిన వీడియోల్లోని కోడ్ చాలాచోట్ల 4లో నడవదు. 4.3 నుంచి, గళ్లతో నేలని పరిచే టైల్‌మ్యాప్ నోడ్ స్థానంలో టైల్‌మ్యాప్‌లేయర్ వచ్చింది కూడా. వీడియో మొదలుపెట్టేముందు అది ఏ వెర్షన్‌దో చూసుకోండి.