పెరటి హాప్స్ కిట్: కొమ్ములు మేలు, తాడు దండగ

బీరు సొంతంగా తయారుచేసుకునేవారు, దానికి చేదునూ వాసననూ ఇచ్చే పూల తీగ హాప్స్‌ను కూడా ఇంటివద్దే పెంచుకోవచ్చునంటూ అమ్ముతున్న ఒక కిట్‌ను మూడేళ్ల క్రితం తెప్పించుకున్నాను. పెట్టెలో కాస్కేడ్ రకానికి చెందిన రెండు కొమ్ములు (నాటితే మొలిచే భూగర్భ కాండపు ముక్కలు), కొబ్బరి పీచు తాడు, దాన్ని నేలలో దిగగొట్టే రెండు ఇనుప మేకులు, చిన్న ఎరువు సంచి, పూలు ఆరబెట్టే వల, సూచనల పుస్తకం ఉన్నాయి. మూడు పంటలు చూసిన మీదట చెబుతున్నాను: నేను పెట్టిన డబ్బుకు గిట్టుబాటైనవి ఆ రెండు కొమ్ములే, తక్కినవాటిలో చాలామటుకు పెట్టె నిండుగా కనబడడానికి వేసినవే.

కొమ్ములను మాత్రం మెచ్చుకోవలసిందే. తడి రంపపుపొట్టులో చుట్టి పంపిన వాటిపై ఎక్కడా బూజు లేదు, మెత్తబడిన భాగం లేదు. చిటికెనవేలి లావున్న ఒక్కో ముక్క మీద మూడు నాలుగు తెల్లని కన్నులు అప్పటికే మొనదేలి ఉన్నాయి. హాప్స్‌లో ఆడ మొక్కలు, మగ మొక్కలు వేర్వేరుగా ఉంటాయి. బీరుకు పనికివచ్చేవి ఆడ మొక్కల పూలే కాబట్టి, ఏది మొలుస్తుందో తెలియని విత్తనాల కంటే ఆడ మొక్క నుంచి కోసిన కొమ్మును నాటుకోవడమే క్షేమం. అమ్మకందారు ఈ విషయంలో మాట నిలబెట్టుకున్నారు, రెండూ ఆడ మొక్కలే అయ్యాయి. కాస్కేడ్‌ను ఎంచుకోవడమూ తెలివైన పనే. అమెరికా వ్యవసాయ శాఖ ఓరెగాన్‌లోని తన పరిశోధన కార్యక్రమం ద్వారా 1972లో విడుదల చేసిన ఈ రకం కొత్తవారి పొరపాట్లను ఓర్చుకుంటుంది, బీరుకు పూల వాసనను, పంపరపనస తొక్కను తలపించే పరిమళాన్ని ఇస్తుంది. కొమ్మును అడ్డంగా పడుకోబెట్టి, కన్నులు పైకి ఉండేలా చూసి, సుమారు 5 సెంటీమీటర్ల మట్టి కప్పమని పుస్తకం చెప్పింది. అలాగే చేశాను, రెండూ మొలిచాయి.

ఇక తాడు సంగతి. హాప్స్ తీగ పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే దిశలో ఆసరాను చుట్టుకుంటూ, కాండం మీది గరుకు నూగుతో పట్టు బిగిస్తూ, ఒక్క కాలంలోనే 5 మీటర్లు దాటి సులువుగా పోతుంది. అలాంటి మొక్కకు వీళ్లిచ్చిన తాడు పొడవు రెండున్నర మీటర్లు! వేసవి సగమైనా కాకముందే తీగలు తాడు కొసకు చేరి, ఇంకెక్కడానికి దారిలేక ఒకదాన్నొకటి పెనవేసుకుని పెద్ద ఉండగా తయారయ్యాయి. ఆ ఉండలోకి గాలి, వెలుతురు చొరబడక ఎర్రనల్లి చేరింది. ఆకుల అడుగున సన్నని గూడు కనబడేసరికే కింది ఆకులు సగం పండుబారాయి. మరుసటి ఏడు 6 మీటర్ల గట్టి తాళ్లు నేనే కొని, మొక్కకు రెండు తాళ్ల చొప్పున కట్టి, తాడుకు రెండు మూడు తీగలను మాత్రమే ఎక్కించి తక్కిన పిలకలను మొదలంటా కోసేశాను. నేల నుంచి మీటరు ఎత్తు వరకు ఆకులు కూడా దూసేయడంతో తెగుళ్ల బెడద చాలావరకు తగ్గింది. పుస్తకంలో ఈ పిలకల ప్రస్తావన ఒక్క ముక్క కూడా లేదు. తీగల గరుకుకు ముంజేతులు గీసుకుపోయి మండుతాయనీ, పొడుగు చేతుల చొక్కా వేసుకోవాలనీ నాకు నేనుగా తెలుసుకోవలసి వచ్చింది.

పెట్టె మీద ముద్రించిన ‘మొదటి ఏడాదే నిండైన పంట’ అన్న మాటకు నా అభ్యంతరం ఇంకా గట్టిది. హాప్స్ మొదటి ఏడు ప్రధానంగా వేళ్లు పెంచుకుంటుంది, పూర్తి కాపు సాధారణంగా మూడో ఏటికి గానీ రాదు. నాకు మొదటి ఏడు రెండు గుప్పెళ్ల పూలు వచ్చాయి. మూడో ఏడు రెండు మొక్కల మీద ఆరిన పూలే సుమారు ఒక కిలో తూగాయి. ఆ మాటను నమ్మి, మొదటి శరదృతువులోనే నిరాశపడి మొక్కను పీకేసినవారు ఎందరో!

పూలు ఎప్పుడు కోయాలో పుస్తకం తేదీ చెప్పి ఊరుకుంది కానీ, పువ్వును చూడకుండా తేదీని నమ్మడం సరికాదు. పచ్చి పువ్వును వేళ్ల మధ్య నొక్కితే మెత్తగా, తడిగా అణిగిపోతుంది. పక్వానికి వచ్చినది కాగితంలా గరగరమని, వదలగానే మళ్లీ విచ్చుకుంటుంది. దాన్ని నిలువునా చీలిస్తే రేకుల మొదళ్లలో చేదుకూ వాసనకూ మూలమైన లుపులిన్ అనే చిక్కని పసుపురంగు పొడి కనబడి, వేళ్లకు జిగురుగా అంటి ఘాటైన వాసన వేస్తుంది. తాజా పువ్వులో దాదాపు 80 శాతం నీరే కాబట్టి 100 గ్రాములు కోస్తే ఆరాక 22 గ్రాముల దగ్గర తేలాలి. పూవు నడిమి కాడ వంగకుండా పుటుక్కున విరిగితే ఆరినట్టే. కిట్‌లోని వల ఇందుకు పనికొస్తుంది గానీ మరీ చిన్నది. ఎండలో ఆరబెట్టకుండా, నీడలో గాలి ఆడేచోట పలుచగా పరచి, ఆరగానే గాలి తీసిన సంచుల్లో కట్టి ఫ్రీజర్‌లో పెట్టడం మేలు.

పెరటి పూలతో బీరు చేదును లెక్కగట్టవచ్చన్నట్టు పుస్తకం చెప్పిన తీరు తప్పుదారి పట్టిస్తుంది. చేదునిచ్చే ఆల్ఫా ఆమ్లాలు కాస్కేడ్‌లో సాధారణంగా 4.5 నుంచి 7 శాతం వరకు ఉంటాయి. మన పెరటి పూలలో ఎంత ఉందో ప్రయోగశాలలో పరీక్షిస్తే తప్ప తెలియదు. కాబట్టి గంటసేపు మరిగించి చేదు రాబట్టే పనికి, శాతం ముద్రించి ఉన్న కొనుగోలు హాప్స్‌ను వాడుతూ, ఇంటి పూలను మరిగింపు చివరి నిమిషాలకు, పులిసిన తర్వాత వాసన పట్టించడానికి అట్టిపెట్టుకుంటున్నాను. కోసిన రోజే పచ్చిపూలు వేసి ఒక విడత కాచినప్పుడు, ఎండుపూల తూకానికి ఐదింతలు వాడాను; ఆ బీరులో వచ్చిన లేత గడ్డి పరిమళం ఎండుపూలతో నాకెన్నడూ రాలేదు.

వేసవి పగళ్లు పొడవుగా, చలికాలం నిజంగా చలిగా ఉండే చోట్లకే ఈ కిట్‌ను సిఫారసు చేస్తాను, ఆ రెండూ లేని చోట తీగ పెరిగినా పూత అంతంతమాత్రమే. కొమ్ములు విడిగా దొరికితే అవే కొని, తాడు మీకు మీరు తెచ్చుకోండి. ఒక్క హెచ్చరికను మాత్రం తయారీదారు వచ్చే ముద్రణలోనైనా చేర్చాలి: హాప్స్ కుక్కలకు ప్రాణాంతకమైన విషం, తింటే ఒంటి వేడి విపరీతంగా పెరిగిపోతుంది. బీరు వడకట్టాక మిగిలే పిప్పిని కూడా వాటికి అందేచోట పారబోయకూడదు, ఎరువు కుప్పలోనైనా సరే.