డేటా తరలింపుకు మైక్రోసాఫ్ట్ యాక్సెస్: చాలాకాలం వాడాక

పాత డేటాను కొత్త చోటికి చేర్చడానికి యాక్సెస్ అనే డేటాబేస్ ప్రోగ్రామును 97 వెర్షన్ నుంచి ఇప్పటిదాకా వాడితే తేలేది ఇది: తెరవలేని ఫైళ్లు తక్కువే. తెరిచేటప్పుడు ఏం జారిపోయిందో మాత్రం అన్నిసార్లూ చెప్పదు. ఎర్రర్ వచ్చిన ఇంపోర్టు నయం, ఏ గొడవా లేకుండా అయిపోయినదాన్నే రెండోసారి చూసుకోవాలి.

ముందు ఎండీబీ, అంటే యాక్సెస్ పాత ఫైలు ఫార్మాట్ సంగతి. ఒకే ఎక్స్‌టెన్షన్ కింద వేర్వేరు తరాల ఫైళ్లున్నాయి. యాక్సెస్ 97 ఫైలు జెట్ 3.5 అనే డేటాబేస్ ఇంజిన్ మీద నడుస్తుంది, గరిష్ఠంగా 1 జీబీ, లోపలి అక్షరాలు యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకూ ఉమ్మడి సంకేతాలు) కావు. 2000, 2002–2003 ఫార్మాట్లు జెట్ 4. అక్కడ పరిమితి 2 జీబీ, అక్షరాలు యూనికోడ్. యాక్సెస్ 2013 నుంచి 97 ఫైళ్లు అసలు తెరుచుకోవు. యాక్సెస్‌తో దారి ఇది: 2003 గానీ 2010 గానీ ఉన్న కంప్యూటర్లో తెరిచి, 2002–2003 ఎండీబీగా మార్చి, దాన్ని కొత్త వెర్షన్‌కు ఇవ్వాలి. ఫారాలు, కోడు అక్కర్లేదనుకుంటే ఫైలంతా మార్చక్కర్లేదు. 2010లో ఖాళీ డేటాబేస్ పెట్టి టేబుళ్లు మాత్రమే ఇంపోర్ట్ చేసుకుంటే పని త్వరగా తెములుతుంది. యూజర్లవారీ సెక్యూరిటీ పెట్టిన ఫైలైతే దాంతోపాటు యూజర్ల పేర్లు, పాస్‌వర్డులు ఉండే ఎండీడబ్ల్యూ ఫైలు కూడా దొరకాలి. అది లేకుండా మొదలుపెట్టకండి. అందుకే 2010 ఉన్న ఒక పాత కంప్యూటర్‌ను తుక్కుకి వేయకుండా మూల ఉంచడం మంచిది.

కొత్త ఫార్మాట్ అయిన ఏసీసీడీబీ నుంచి వెనక్కి ఎండీబీకి రావడం మరీ ఇరుకు దారి. అటాచ్‌మెంట్ ఫీల్డు, ఒకే గడిలో పలు విలువలుండే ఫీల్డు, లెక్కించే ఫీల్డు, వీటిలో ఏ ఒక్కటున్నా పాత ఫార్మాట్లో సేవ్ కాదు. కొత్త వెర్షన్లలోని లార్జ్ నంబర్ (చాలా పెద్ద పూర్ణాంకాల) రకం వాడినా అంతే, పాత యాక్సెస్‌లో ఆ ఫైలు పనిచేయదు. పాత వెర్షన్ వాడేవాళ్లు ఆఫీసులో ఒక్కరున్నా ఆ ఆప్షన్ జోలికి పోకపోవడమే మేలు.

అసలు చిక్కంతా డీబీఎఫ్‌లో ఉంది. డీబేస్, ఫాక్స్‌ప్రో అనే పాత డేటాబేస్ ప్రోగ్రాముల కాలంలో మొదలైన లెక్కలు ఇంకా ఈ ఫైళ్లలోనే ఉంటాయి. 2013 వెర్షన్‌లో డీబేస్ మద్దతు తీసేశారు, 2016లో సబ్‌స్క్రిప్షన్ వెర్షన్‌కు తిరిగి చేర్చారు. మద్దతున్న వెర్షన్‌లోనూ విజువల్ ఫాక్స్‌ప్రో టేబుల్ నేరుగా రాదు, ఫైలు అనుకున్న ఫార్మాట్లో లేదంటుంది. ఫైల్లోని బైట్లను అంకెలుగా చూపే హెక్స్ ఎడిటర్లో మొదటి బైట్ చూస్తే తెలిసిపోతుంది: 03 ఉంటే మెమో (పొడవైన రాతకు వాడే ఫీల్డు) లేని డీబేస్ 3, 83 అయితే మెమో ఉన్నది, 30 అయితే విజువల్ ఫాక్స్‌ప్రో. 30 వచ్చినప్పుడు ఫాక్స్‌ప్రోలోనే ‘కాపీ టు’ కమాండుకు ‘టైప్ ఫాక్స్2ఎక్స్’ చేర్చి పాత రూపంలో తీసుకోవాలి. మెమో ఫీల్డులోని రాత డీబీఎఫ్‌లో ఉండదు. పక్కనే అదే పేరుతో డీబీటీ గానీ ఎఫ్‌పీటీ గానీ ఉంటుంది. పెన్‌డ్రైవ్‌లో డీబీఎఫ్ ఒక్కటే కాపీ చేసుకొస్తే సగం డేటా వదిలేసి వచ్చినట్టే.

డీబీఎఫ్‌లో ఫీల్డు పేరు 10 అక్షరాలకు మించకూడదు. ఇంగ్లిష్‌లో కస్టమర్, అండర్‌స్కోర్, నేమ్ అని ఒక ఫీల్డు, కస్టమర్, అండర్‌స్కోర్, నంబర్ అని ఇంకో ఫీల్డు ఉన్నాయనుకోండి. పదో అక్షరం దగ్గర కోస్తే రెండూ ఒకే పేరు. ఎగుమతికి ముందే ఒక క్వెరీ (డేటాను కావలసిన రూపంలో అడిగే ప్రశ్న) రాసి పొట్టి పేర్లు మీరే పెట్టుకోండి. రికార్డుల లెక్కలోనూ ఒక మెలిక ఉంది. డీబీఎఫ్‌లో తొలగించిన రికార్డుకు స్టార్ గుర్తు పడుతుందే తప్ప, ప్యాక్ కమాండుతో పూర్తిగా తుడిచేదాకా అది ఫైల్లోనే ఉంటుంది, ఫైలు మొదట్లో ఉండే హెడర్లోని లెక్కలో కూడా కలుస్తుంది. రెండు ప్రోగ్రాములు రెండు లెక్కలు చూపిస్తే మొదట అనుమానించాల్సింది దీన్నే.

తెలుగు డేటా దగ్గరికి వస్తే డీబీఎఫ్ వెడల్పు అక్షరాల్లో కాదు, బైట్లలో. యూనికోడ్‌ను బైట్లుగా రాసే యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు కోడ్‌కు 3 బైట్లు పడతాయి, గుణింతం గుర్తు, పొల్లు కూడా విడివిడిగా లెక్కే. 30 వెడల్పు ఫీల్డులో ‘శ్రీనివాస్’ సరిగ్గా పడుతుంది: 10 కోడ్‌లు, 30 బైట్లు. ‘శ్రీనివాసరావు’కు 39 కావాలి. చోటు చాలక తెగితే మిగిలేది ‘శ్రీనివాసర’. కోత 3 బైట్ల మధ్యలో పడితే చివర అక్షరం బదులు చెత్త గుర్తు వస్తుంది. ఇంగ్లిష్ పేర్లకు ఇచ్చిన వెడల్పును మూడింతలు చేసుకోవడం సులువు, కానీ ఫీల్డు గరిష్ఠం 254. అంటే 84 కోడ్‌లే. పొడవైన చిరునామాను రెండు ఫీల్డులుగా విడగొట్టాల్సిందే.

పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన తెలుగు ఇంకో రకం తలనొప్పి. అక్కడ ఫైల్లో ఉన్నది తెలుగు కాదు, ఫాంటు వేషం వేసిన లాటిన్ అక్షరాలు. కోడ్‌పేజీ (ఏ బైట్ ఏ అక్షరమో చెప్పే పట్టిక) మార్చితే అది తెలుగు అవదు, ఆ ఫాంటుకు సరిపడే కన్వర్టర్ కావాలి. కన్వర్టర్ దాకా బైట్లు చెక్కుచెదరకుండా వెళ్లడం ముఖ్యం. డీబీఎఫ్ హెడర్లో సున్నా నుంచి లెక్కిస్తే 29వ స్థానంలోని బైట్ కోడ్‌పేజీని చెబుతుంది: 01 అంటే 437, 02 అంటే 850, 03 అంటే 1252. విండోస్ ఫాంటుతో కొట్టిన డేటాకు హెడర్లో 437 అని పడివుంటే డ్రైవరు దాన్ని డాస్ అక్షరాలనుకుని అనువదించేస్తుంది, ఇక ఫాంటు కన్వర్టరు దాన్ని గుర్తుపట్టలేదు. ఒరిజినల్ మీద కాక కాపీ మీద ఆ బైట్‌ను 03గా మార్చి, పది రికార్డులు కన్వర్టర్లో వేసి చూశాకే మిగతాది.

సీఎస్‌వీ, అంటే కామాలతో విడదీసిన టెక్స్ట్ ఫైలు, అమాయకంగా కనిపిస్తుంది గానీ ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతుంది. తెలుగుకు ఏఎన్‌ఎస్‌ఐ (విండోస్ పాత పద్ధతి) కోడ్‌పేజీ లేదు కాబట్టి, ఎగుమతిని విండోస్ డిఫాల్ట్‌కే వదిలేస్తే ప్రతి అక్షరం ప్రశ్నార్థకమై కూర్చుంటుంది. విజార్డులో అడ్వాన్స్‌డ్ బటన్ నొక్కి, కోడ్‌పేజీ యూటీఎఫ్-8, అంటే 65001 ఎంచుకుని, అక్కడే సేవ్ యాజ్ కొట్టి స్పెసిఫికేషన్‌గా దాచుకోండి. తర్వాతి నెల మళ్లీ అదే పేరుతో పిలవొచ్చు.

దశాంశాలు చాలామంది కంట పడవు. విండోస్ ప్రాంతీయ సెట్టింగులో దశాంశ స్థానాలు రెండే ఉంటే, టెక్స్ట్ ఎగుమతిలో సంఖ్యలు ఆ రెండింటి దగ్గరే ఆగిపోతాయి. బంగారం తూకం 12.345 గ్రాములైతే మిల్లీగ్రాముల అంకె పోయినట్టే. టేబుల్‌ను నేరుగా ఎగుమతి చేయకుండా, క్వెరీలో ఫార్మాట్ ఫంక్షన్‌తో మూడు స్థానాలు రాసి ఆ క్వెరీని ఎగుమతి చేయాలి.

తేదీల్లో జరిగే తప్పు మరీ మోసకారిది. అమెరికా సెట్టింగున్న కంప్యూటర్లో 05-06-1998 మే 6 అవుతుంది. 25-06-1998కి 25వ నెల లేదు కనుక టెక్స్ట్‌ను తేదీగా మార్చే సీడేట్ ఫంక్షన్ తానే తిప్పేసి జూన్ 25 అనుకుంటుంది. ఒకే నిలువు వరుసలో కొన్ని తేదీలు సరైనవి, కొన్ని తారుమారు, ఎర్రర్ మాత్రం ఒక్కటీ లేదు. ఇంపోర్ట్ ఎర్రర్స్ టేబుల్లోనూ కనిపించవు. తేదీని మొదట టెక్స్ట్‌గా తెచ్చుకుని, రోజు, నెల, సంవత్సరం ముక్కలు చేసి డేట్‌సీరియల్ ఫంక్షన్‌తో కట్టుకోవడమే నమ్మదగ్గ దారి. సంవత్సరం రెండంకెల్లో ఉంటే శతాబ్దాన్ని సాఫ్ట్‌వేరే ఊహిస్తుంది, 28లో పుట్టిన పెన్షనరు 2028లో పుడతాడు.

ఎక్సెల్‌ను మధ్యవర్తిగా పెట్టుకోకపోవడమే మంచిది. ముందున్న సున్నాలు పోతాయి, 15 అంకెలు దాటిన ఖాతా నంబర్ల చివరి అంకెలు సున్నాలవుతాయి, పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫైల్లో 65,536 వరుసలతోనే కథ ముగుస్తుంది.

బిట్ల గొడవ కూడా తెలిసుండాలి. ఇతర ప్రోగ్రాములు ఎండీబీని తెరవడానికి వాడే జెట్ 4 ఓఎల్ఈ డీబీ డ్రైవరు 32 బిట్ మాత్రమే. 64 బిట్ ప్రోగ్రాము నుంచి ‘ప్రొవైడర్ రిజిస్టర్ కాలేదు’ అని వస్తే ఫైలు చెడలేదు, అదే బిట్ల ఏస్ (జెట్ తర్వాత వచ్చిన ఇంజిన్) డ్రైవరు కావాలి. డేటాబేస్ కనెక్షన్లు పెట్టుకునే 32 బిట్ ఓడీబీసీ సెట్టింగుల ప్రోగ్రాము సిస్‌వావ్64 ఫోల్డర్లో ఉంటుంది. ఆ పేరు పెట్టినవాళ్లకు దండం.

యాక్సెస్ లేని లినక్స్‌లో ఎండీబీటూల్స్ బాగా పనికొస్తుంది. ఎండీబీ-టేబుల్స్‌తో జాబితా, ఎండీబీ-ఎక్స్‌పోర్ట్‌తో సీఎస్‌వీ. తేదీ ఫార్మాట్‌ను మాత్రం నాలుగంకెల సంవత్సరంతో మీరే ఇవ్వాలి. డీబీఎఫ్ ఒక్కటే అయితే లిబ్రెఆఫీస్ క్యాల్క్ చాలు. తెరిచేటప్పుడు అక్షరాల సెట్ ఏదని అడుగుతుంది, ఈ విషయంలో యాక్సెస్ కంటే నయం. తిరిగి డీబీఎఫ్‌గా సేవ్ చేసేటప్పుడు హెడ్డింగులో ఫీల్డు పేరు, కామా, రకం అక్షరం, కామా, వెడల్పు ఉండేలా చూసుకోండి. సి అంటే అక్షరాలు, ఎన్ సంఖ్య, డి తేదీ, ఎమ్ మెమో.

ఏ దారిలో వచ్చినా, అటూ ఇటూ ఒకే ప్రశ్నలు అడగాలి: రికార్డులెన్ని, ప్రతి సంఖ్యా ఫీల్డు మొత్తమెంత, తొలి తేదీ మలి తేదీ ఏవి, ఖాళీ గడులెన్ని, అతి పొడవైన పేరు పొడవెంత. తారుమారైన తేదీలు పట్టుబడాలంటే నెలవారీ లెక్క కూడా తీయండి. రోజు 12 లోపున్న తేదీలు నెల మారిపోవడంతో రెండు వైపులా నెలల అంకెలు కలవవు.