డాన్స్ ఫుల్‌టైమా, ఉద్యోగం చేస్తూ డాన్సా?

కూచిపూడో భరతనాట్యమో సీరియస్‌గా నేర్చుకున్న పిల్లల ఇళ్ళల్లో డిగ్రీ అయ్యేసరికి ఈ గొడవ మొదలవుతుంది.

డబ్బు
ఫుల్‌టైమ్: ప్రోగ్రామ్‌ల మీదే బతకడం చాలా కష్టం, నట్టువాంగం (తాళం వేస్తూ నాట్యాన్ని నడిపించడం), గాత్రం, మృదంగం, వయొలిన్, వేణువు వాళ్ళందరికీ ఇచ్చి, మేకప్, ప్రయాణం ఖర్చులు తీసేస్తే చాలాసార్లు చేతి డబ్బే పెట్టుకోవాల్సి వస్తుంది, అందుకే దాదాపు అందరూ క్లాసులు చెప్తారు.
ఉద్యోగం: జీతం ఉంటుంది కాబట్టి నచ్చని ప్రోగ్రామ్ వద్దనొచ్చు. ఇది చిన్న విషయం కాదండీ.

టైమ్
ఫుల్‌టైమ్: పొద్దున్నే సాధన, కొత్త ఐటమ్ మీద నెలల తరబడి కూర్చోవచ్చు.
ఉద్యోగం: తెల్లవారుజామునో రాత్రో, సెలవులన్నీ రిహార్సల్స్‌కే.

రిస్క్
ఫుల్‌టైమ్: మోకాలు దెబ్బతింటే ఆదాయం కూడా ఆగిపోతుంది.
ఉద్యోగం: ట్రాన్స్‌ఫర్ వస్తే గురువుగారికి దూరం. కూచిపూడిలో ఇత్తడి పళ్ళెం అంచుల మీద నిలబడి ఆడే తరంగం చేసేవాళ్ళకి సాధన తగ్గితే వెంటనే తెలిసిపోతుంది.

రెండు దారుల్లోనూ గొప్పవాళ్ళున్నారు. మదనపల్లెలో పుట్టిన యామినీ కృష్ణమూర్తి గారు జీవితమంతా నాట్యానికే ఇచ్చేసి ఢిల్లీలో స్కూల్ నడిపారు, 2016లో పద్మవిభూషణ్. హైదరాబాద్‌లో ఆనందా శంకర్ జయంత్ గారు రైల్వేలో ఆఫీసర్‌గా చేస్తూనే నాట్యం చేశారు, 2007లో పద్మశ్రీ.

నా మాటైతే, ఇంట్లో రెండు మూడేళ్ళు ఆదుకునేవాళ్ళుండి, పాఠం చెప్పడం నిజంగా ఇష్టమైతే ఫుల్‌టైమ్‌కి వెళ్ళండి. ఇంటి బాధ్యతో, తీర్చాల్సిన లోనో ఉంటే టైమింగ్స్ కచ్చితంగా ఉండే ఉద్యోగం చూసుకోండి, నైట్ షిఫ్ట్‌లు మాత్రం వద్దు.