ఆరేళ్ళుగా మా ఇంట్లో కథలు: చీమ, కర్ర, పెద్దమ్మ

నాలుగేళ్ళప్పుడు మా వాడికి కోపం వస్తే చేతిలో ఏది ఉంటే అది విసిరేసేవాడు. స్టీలు గ్లాసు, టీవీ రిమోటు, ఒకసారి అన్నం కంచం. చెల్లిని కొట్టేవాడు, కొట్టి దానికంటే ఎక్కువగా వాడే ఏడ్చేవాడు. బతిమాలాం, కసిరాం, గదిలో పెట్టి తలుపేశాం. రెండుసార్లు నేను చెయ్యి కూడా చేసుకున్నాను. ఆ తర్వాతే కథల దారి పట్టాం. ఇప్పటికి ఆరేళ్ళు దాటింది. పిల్లల కోపతాపాలకు, మాటతీరుకు కథలు నిజంగా పనికొస్తాయా అని తెలిసినవాళ్ళు అడుగుతుంటారు. ఇన్నేళ్ళు వాడి చూశాను కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను. పనికొస్తాయి. అయితే నేను మొదట్లో చెప్పినట్టు చెబితే మాత్రం పనికిరావు, పైగా చెడుపు చేస్తాయి.

మొదట్లో వాడు తప్పు చేసిన వెంటనే నేను కథ చెప్పేదాన్ని. బిస్కట్లు తిని తినలేదన్నాడు, వెంటనే కూర్చోబెట్టి నాన్నా పులి కథ ఎత్తుకున్నాను. "ఈసారి నిజంగానే పులి వచ్చింది" అనే చోటుకు వచ్చేసరికి రెండు చెవులూ మూసుకున్నాడు. "నన్నే అంటున్నావు" అని వెక్కి వెక్కి ఏడ్చాడు. నిజమే, కథ పేరు పెట్టి నేను తిడుతున్నానంతే. ఆ తర్వాత ఏడాది పాటు ఆ కథ ఎత్తితే చాలు, లేచి వెళ్ళిపోయేవాడు. చక్కటి కథ ఒకటి మా ఇంట్లో అలా పాడైపోయింది.

దారి చూపించింది మా అత్తయ్య. 2019 వేసవిలో తెనాలి దగ్గర వాళ్ళ ఊరు వెళ్ళాం. రాత్రి కరెంటు పోతే వాకిట్లో నవారు మంచాలు వేసుకున్నాం. వాడు ఉక్కపోతకు చిర్రుబుర్రులాడుతున్నాడు. ఆవిడ ఏమీ అనకుండా విసనకర్రతో విసురుతూ ఏడు చేపల కథ మొదలుపెట్టారు. అందరికీ తెలిసిన కథే. రాజుగారి ఏడుగురు కొడుకులు ఏడు చేపలు తెచ్చి ఎండబెడితే ఒక చేప ఎండలేదు. ఎందుకు ఎండలేదంటే గడ్డిమోపు అడ్డం వచ్చిందంది. గడ్డిమోపును అడిగితే ఆవు మెయ్యలేదంది. ఆవును అడిగితే పాలేరు మేపలేదంది. పాలేరుకు అవ్వ బువ్వ పెట్టలేదు, అవ్వకు పిల్లాడి ఏడుపు అడ్డం వచ్చింది, పిల్లాణ్ణి చీమ కుట్టింది. చీమా చీమా ఎందుకు కుట్టావంటే, నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా అంది.

చిన్నప్పుడు నేనూ విన్నదే. కానీ ఆ రాత్రి ఆవిడ చెప్పిన తీరు చూస్తూ పడుకున్నాను. చేపను అడిగినా, ఆవును అడిగినా, చీమను అడిగినా గొంతు ఒకటే. ఎక్కడా హెచ్చదు. కథ మొత్తంలో ఎవరూ ఎవర్నీ కొట్టరు, నీదే తప్పు అనరు. అడుగుతారు, చెప్పింది వింటారు, ఇంకొకరి దగ్గరికి వెళ్ళి అడుగుతారు. వాడు వరసగా నాలుగు రాత్రులు అదే కథ చెప్పించుకున్నాడు. అయిదో రాత్రి ప్రశ్నలు వాడే అడిగాడు, నాన్నమ్మ జవాబులు చెప్పారు.

హైదరాబాద్ తిరిగొచ్చాం, జూన్‌లో బడి తెరిచారు. ఒకరోజు సాయంత్రం చెల్లి జుట్టు పట్టుకుని లాగేశాడు. నా చెయ్యి లేవబోయింది. అంతలో అత్తయ్య గొంతు గుర్తొచ్చింది.

"చేపా చేపా, ఎందుకు ఎండలేదు?" అన్నాను.

వాడు ఏడుపు ఆపి నావైపు చూశాడు. కాసేపటికి, "చెల్లి నా బొమ్మ చింపేసింది" అన్నాడు.

"చెల్లీ చెల్లీ, ఎందుకు చింపావు?"

దానికప్పుడు రెండున్నరేళ్ళు. "అన్న లానియ్యలేదు" అంది.

"అన్నా అన్నా, ఎందుకు రానివ్వలేదు?"

చాలాసేపు మాట్లాడలేదు. గోడవైపు తిరిగి, గోటితో సున్నం గీకుతూ అన్నాడు: "నన్ను కూడా రానివ్వలేదు." బడిలో జారుడుబల్ల దగ్గర ఇద్దరు పిల్లలు మూడు రోజులుగా వీణ్ణి ఎక్కనివ్వడం లేదట. మూడు రోజులుగా బడి ఎలా ఉందని నేను రోజూ అడుగుతూనే ఉన్నాను. బాగుంది అనే చెప్పాడు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఎవరికి కోపం వచ్చినా "చీమ ఎక్కడ కుట్టింది?" అనే అడుగుతాం. దీనికి ఒక షరతు పెట్టుకున్నాం. చీమ కుట్టింది కాబట్టి కొట్టినా తప్పు లేదని కాదు. చెల్లికి జుట్టు దువ్వి రబ్బరు బ్యాండు పెట్టడం ఆ రోజు వాడి పనే అయింది. వంకరగా పెట్టాడు, అది అలాగే ఉంచుకుంది.

రెండో కథ పంచతంత్రంలోని తాబేలుది. చెరువు ఎండిపోతోందని రెండు హంసలు ఒక కర్రను చెరో కొనా పట్టుకుంటాయి, కంబుగ్రీవమనే తాబేలు మధ్యలో నోటితో కరుచుకుంటుంది. కింద జనం ఏదో అన్నారని బదులివ్వడానికి నోరు తెరిచి పడిపోతుంది. ఈ కథను అయిదేళ్ళు నిండాక, వాడు మంచి హుషారుగా ఉన్న రోజు చూసి చెప్పాను. నీతి చెప్పలేదు. మరునాడు చీపురుపుల్ల తీసుకుని మధ్యలో కరిచి, ఇద్దరూ ఇల్లంతా ఎగిరారు. దాంతో "కర్ర" అనేది మా మధ్య సంకేతం అయిపోయింది. నోటికి చెడ్డమాట వచ్చే క్షణంలో ఎవరైనా "కర్ర" అంటే పళ్ళు బిగపట్టాలి, మంచినీళ్ళు తాగాకే నోరు తెరవాలి. వాడు నిజంగానే దవడ బిగిస్తాడు, చెంప కండరం కదలడం కనిపిస్తుంది. ఆ నాలుగు క్షణాలే చాలా గొడవల్ని ఆపాయి.

ఇది పెద్దవాళ్ళకూ వర్తించాలి, లేకపోతే పిల్లలు పట్టించుకోరు. ఒకరోజు ఆఫీసు పని మీద ఫోన్లో ఎవరిమీదో అరుస్తున్నాను. వాడు వచ్చి పక్కన నిలబడి మెల్లగా "అమ్మా, కర్ర" అన్నాడు. ఫోన్ పెట్టేసి నీళ్ళు తాగాను. ఆ సాయంత్రం నుంచి వాడు ఆ మాటను ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

మర్యాద సంగతికి వస్తే, మాకు అక్కరకొచ్చింది పేదరాశి పెద్దమ్మ. మా అపార్ట్‌మెంట్లో పిల్లలు వాచ్‌మన్‌ని "ఏయ్" అని పిలవడం మామూలైపోయింది. మా వాడూ మొదలుపెట్టాడు. అలా అనకూడదని చెబితే సరే అనేవాడు, లిఫ్టు దగ్గర మళ్ళీ అదే. అత్తయ్య ఫోన్లో రాజకుమారుడి కథ చెప్పారు. పరాయి ఊరొచ్చిన రాజకుమారుడు ఊరి చివర పూటకూళ్ళ ఇంటికి వెళ్ళి, అంతకు ముందెన్నడూ చూడని ముసలమ్మను "పెద్దమ్మా" అని పిలుస్తాడు. ఆ ఒక్క పిలుపుకు ఆవిడ అన్నం పెడుతుంది, ఊళ్ళో సంగతులన్నీ చెబుతుంది, రాక్షసుడి ప్రాణం ఎక్కడుందో కూడా చెబుతుంది. మన కథల్లో ఎంత గొప్ప రాజకుమారుడైనా ఆవిడ అరుగు మీద కూర్చోకుండా పని సాధించడు. వావి లేనివాళ్ళను కూడా వరసపెట్టి పిలవడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. నగరానికి వచ్చాక మన నోళ్ళలోంచి అది జారిపోయింది. నాలుగైదు వారాలు ఇలాంటి కథలే విన్నాక వాడు వాచ్‌మన్‌ని "బాబాయ్" అన్నాడు. ఆయన ఆ రోజు వాడి సైకిలుకు గాలి కొట్టించి తెచ్చారు. పని చేసే అక్క వచ్చి వెళ్ళేటప్పుడు "వెళ్ళొస్తారా అక్కా" అనడం చిన్నది దానంతటదే నేర్చుకుంది.

పంచతంత్రం మొత్తం చిన్నపిల్లలకు మర్యాద నేర్పే పుస్తకం అనుకుని చదివిస్తే ఇబ్బంది పడతారు. మొద్దులుగా ఉన్న ముగ్గురు కొడుకులకు ఆరు నెలల్లో రాజనీతి నేర్పుతానని అమరశక్తి అనే రాజుకు విష్ణుశర్మ మాటిచ్చాడన్నది దాని మూలకథ. అందుకే కాకులు గుడ్లగూబల కథ లాంటివాటిలో నమ్మించి మోసం చేయడం కూడా ఒక విద్యే. వాటిని ఎనిమిదేళ్ళు దాటేదాకా పక్కన పెట్టాను. ముంగిస కథ ఆరేళ్ళకే చెప్పడం నా పొరపాటు. బిడ్డను పాము నుంచి కాపాడిన ముంగిసను, మూతికి రక్తం చూసి తొందరపడి తల్లి నీళ్ళ బిందె వేసి చంపేస్తుంది కదా. ఆ రాత్రి వాడు నిద్రపోలేదు. "నువ్వు నన్ను కూడా అలా అనుకుంటావా?" అని అడిగాడు. తొందరపాటు ఎంత చెడ్డదో చెప్పడానికి అంత బరువు అక్కర్లేదు. ఆ కథ పెద్దవాళ్ళు వినాల్సింది, నేను విన్నాను.

పాత కథల్లో మార్చక తప్పనివి కూడా ఉన్నాయి. సవతి తల్లి అంటే చెడ్డదే, నల్లగా ఉంటే రాక్షసుడే, కుంటివాడు గుడ్డివాడు అంటే నవ్వులే. మా వాడి తరగతిలో వీల్‌చెయిర్‌లో వచ్చే పాప ఉంది, ఇంట్లో మా చిన్నదే చామనఛాయ. నోటితో చెప్పే కథకు ఉన్న సుఖం ఇదే, నోటితోనే దిద్దుకోవచ్చు. చూసి చదవాలంటే 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ వాళ్ళ చిన్న పుస్తకాలు మాకు బాగా కుదిరాయి. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు కథలు ఉచితంగా చదువుకోవచ్చు. ఫోన్లో నీతికథల వీడియోలు ఆరు నెలలు చూపించాను. కళ్ళార్పకుండా చూశారు కానీ ఒక్క మాట కూడా ఇంట్లో కోపం వేళ బయటికి రాలేదు. మధ్యలో ఆపి "అప్పుడు తాబేలుకు ఏమనిపించింది?" అని అడగడానికి అక్కడ ఎవరూ లేరు.

నీతి చెప్పకుండా కథ ఎలా ముగించాలో నాకు బేతాళుడు నేర్పాడు. 1947లో మొదలైన చందమామను మా నాన్నగారు బైండు చేయించి దాచుకున్నారు. అందులో బేతాళుడు కథంతా చెప్పి చివర ఒక ప్రశ్న వేస్తాడు, జవాబు విక్రమార్కుడే చెప్పాలి. నేనూ అదే చేస్తాను. ప్రశ్న వేసి దీపం ఆర్పేస్తాను. జవాబు ఒక్కోసారి మరునాడు బడికి వెళ్తూ ఆటోలో వస్తుంది, ఒక్కోసారి రాదు.

కథల వల్ల కానివీ ఉన్నాయి. ఎనిమిదో ఏట బడి బస్సులో పెద్దపిల్లలు వీడి డబ్బా లాక్కుని తినేసేవారు. చీమ ఎక్కడ కుట్టిందో చెప్పడానికి కథలు తోడ్పడ్డాయి, అంతే. ఆ పైన మేం బడికి నాలుగుసార్లు తిరగాల్సి వచ్చింది. ఓర్చుకోమని అలాంటప్పుడు కథ చెప్పడం పిల్లలకు అన్యాయం. రోజూ ఇరవై నిమిషాలు కావాలి, అదీ ఒక ఖర్చే. నేను అలసిపోయి ముక్తసరిగా చెప్పిన రోజున వాళ్ళకు తెలిసిపోతుంది. మార్పు కనిపించడానికి మాకు దాదాపు రెండేళ్ళు పట్టింది. ఇప్పటికీ వాడికి కోపం వస్తుంది, తలుపు దబాలున వేస్తాడు. విసరడం మాత్రం మానేశాడు.

పోయిన ఆదివారం మా ఆడపడుచు కొడుకు వచ్చాడు, నాలుగేళ్ళవాడు. వాడికి మా వాడు తాబేలు కథ చెప్పాడు, చీపురుపుల్లతో సహా. తాబేలు పడిపోయాక ఆ పిల్లాడు, "హంసలు కిందికొచ్చి చూశాయా?" అని అడిగాడు. మా వాడు నావైపు చూశాడు. నాకూ తెలియదన్నాను. ఇద్దరూ కలిసి నాన్నమ్మకు ఫోన్ చేశారు.