చివరి తనిఖీయా, తాడు లాగే హక్కా?

నాణ్యతను కాపాడుకోవడానికి కర్మాగారాల ముందు రెండు దారులున్నాయి: సరుకు పూర్తయ్యాక తనిఖీదారు చేత తప్పులు ఏరించడం ఒకటి, తప్పు పుట్టినచోటే పని ఆపే అధికారాన్ని కార్మికుడికే ఇవ్వడం రెండోది. మొదటిది ఏర్పాటు చేయడం తేలిక. అయితే వదులుగా ఉన్న బోల్టు మీద సీటు బిగించేశాక దాన్ని సరిచేయాలంటే అంతా విప్పాలి, పైగా "చూసేవాళ్లు వేరే ఉన్నారుగా" అన్న ధీమా అందరిలోనూ పాతుకుపోతుంది.

రెండోదానికి మూలం మగ్గంలో ఉంది. 1924లో జపాన్ ఆవిష్కర్త సాకిచి టొయోడా రూపొందించిన మగ్గం పోగు తెగగానే తనంతట తానే ఆగిపోయేది. ఆ ఆలోచనే ఆయన కుటుంబం నెలకొల్పిన టొయోటా కార్ల కర్మాగారంలో తలపైన వేలాడే తాడైంది: కార్మికుడు లాగగానే దీపం వెలుగుతుంది, బృంద నాయకుడు వస్తాడు, కారు ఆ స్థానం దాటేలోగా చిక్కు తీరకపోతేనే లైను ఆగుతుంది. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్ 1982లో మూసేసిన ప్లాంటును 1984లో టొయోటాతో కలిసి మళ్లీ తెరిచినప్పుడు, చాలావరకు ఆ పాత కార్మికులే ఈ పద్ధతిలో మేలైన కార్లు తయారుచేశారు. కనుక లోపం మనుషులదని నేననుకోను. తాడు కట్టడానికి ఎంతో ఖర్చు కాదు, లాగినవాణ్ణి కసురుకోని పైఅధికారిని తయారుచేయడానికే ఏళ్లు పడుతుంది. అలాగని తుది తనిఖీని ఎత్తేయమని కాదు, టొయోటా కూడా ఎత్తేయలేదు.